రెండు వేళ్ల ఖాళీ

టైపు కొట్టేవాళ్లలో నాకు సరిపడని జాతి ఒకటుంది. వాక్యం ముగిసి చుక్క పడిందో లేదో, ఊపిరైనా పీల్చకుండా తరవాతి వాక్యం మీదికి ఎగబడతారు. వాళ్ల కాగితం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రాజమండ్రిలో నాకు టైపు నేర్పిన మేష్టారు చుక్క తరవాత రెండు ఖాళీలు వదలమనేవాడు. ఒకటి వదిలితే వేళ్ల మీద రూళ్లకర్ర పడేది. ఆయన శిష్యుణ్ణి గనక నేనూ రెండే వదిలేవాణ్ణి. బస్తర్ సంస్థానంలో కొలువుకు వచ్చాక ఆ రెండు కాస్తా పదమూడయ్యాయి. ఎందుకయ్యాయో, అయినందువల్ల ఏం జరిగిందో చెబుతాను. చెబితే నా పరువు దక్కదు. అయినా చెబుతాను.

నా పేరు రామనర్సయ్య. మాది చర్ల పక్క. ఉసూర్‌కి ఒక రోజు నడకలో ఉన్న ఒక తాసీలు కచేరీలో పదకొండేళ్లు టైపిస్టుగా పనిచేశాను. ఆ కచేరీ పేరు చెప్పను. అందులో పనిచేసినవాళ్ల పిల్లలు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు. అక్కడ టైపు మిషను ఒక్కటే, దాని ముందు కూర్చోవడం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని అందరూ నన్ను మిషను పంతులనేవాళ్లు. నా భార్య నాగేశ్వరమ్మను మిషను పంతులమ్మ అంటే ఆవిడకు కోపం ముంచుకొచ్చేది.

కచేరీలో కాగితాలు ఇంగ్లీషులో నడిచేవి, తిట్లు హిందీలో నడిచేవి. సంతకు పోతే తెలుగు. ఊళ్లలోకి పోతే దోర్లి, ఇంకా లోపలికి పోతే గోండి. ఊరివాళ్లు చెప్పింది కాగితం మీద పెట్టి వేలిముద్ర వేయించుకుంటే దాన్ని బయాన్ అనేవాళ్లు. ఆ బయాన్ ఇంగ్లీషులోనే ఉండాలి. వేలిముద్ర వేసేవాడికి మాత్రం అతని భాషలో చదివి వినిపించాలి. ఆ వినిపించే పని దుబాసీ జోగది.

జోగ దోర్ల మనిషి. తర్రెం దాటాక వాగు ఒడ్డునున్న మద్దిగూడెం అతని ఊరు. చిన్నతనంలో గోదావరి ఒడ్డున పాదిరీల బడిలో ఆరేళ్లు చదివాడు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాడు. ఒక్కో వాక్యం చదివి, కాసేపు కళ్లు మూసుకుని, దోర్లిలో చెబుతాడు. వాక్యం పొడుగైతే మాత్రం మధ్యలో దారి తప్పుతాడు. ఎవరినైనా నువ్వు అనే అంటాడు, తాసీల్దారుతో సహా. అందుకు తాసీల్దారుకి కోపం రాలేదు గానీ మిగతా అందరికీ వచ్చేది.

మా మిషను ముసలిది. అన్ని మీటలూ పనిచేసేవి, చుక్క మీట తప్ప. అది అరిగిపోయి చుక్క పడీ పడనట్టు పడేది. కళ్లు చికిలించుకుంటే నాకు కనిపించేది, జోగకు కనిపించేది కాదు. ఒకసారి ఒక ఊళ్లో రెండు వాక్యాలు కలిపి చదివి, ఎడ్లకు బదులు ఎడ్ల యజమానిని బందెలదొడ్డిలో పెట్టమని సర్కారు హుకుం అన్నట్టు చెప్పాడు. ఊరంతా పడీపడీ నవ్వింది. జోగ నవ్వలేదు. తిరుగుదారిలో నాతో అన్నాడు:

"పంతులూ, నాకు ఏడ ఆగాల్నో తెలుస్తలేదు. ఆగేకాడ జాగ ఇడువు."

"ఎంత?"

అతను నడుస్తున్నవాడల్లా ఆగి, నా చేతిలో కాగితాల మీద తన చూపుడువేలు, నడిమివేలు పక్కపక్కనే ఆనించాడు. "గింత."

మర్నాడు కొలిచి చూశాను. పదమూడు ఖాళీలు. అప్పటినుంచి నా ప్రతి కాగితంలో చుక్క తరవాత పదమూడు ఖాళీలే. జోగ చదువుకుంటూ వచ్చి ఆ తెల్లటి చోటులో రెండు వేళ్లూ పెట్టేవాడు, తలెత్తేవాడు, చెప్పేవాడు. చెప్పడం అయ్యాక వేళ్లు తీసి ముందుకు కదిలేవాడు. తరవాత్తరవాత ఊరివాళ్లకీ ఇది అలవాటైంది. జోగ వేళ్లు కాగితం మీద ఆగితే గుసగుసలు మానేసి చెవులప్పగించేవాళ్లు. నాకు లోపల ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. సంస్థానం మొత్తంలో ఇలా కొట్టేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. నిజం కూడా కావచ్చు.

సిరస్తాదారు బైజనాథ్‌కి ఆ ఖాళీలంటే గిట్టేది కాదు. కచేరీలో తాసీల్దారు తరవాత అంతటివాడు ఆయనే. తాసీల్దారు నెలలో ఇరవై రోజులు ఊళ్ల మీద దౌరాలో ఉండేవాడు గనక నిజానికి అంతటివాడు కాదు, అంతా ఆయనే. "ఏం రామనర్సయ్యా, కాగజ్ మీ అత్తగారింటి నుంచి వస్తోందా?" అనేవాడు. నేను తల వంచుకుని వినేవాణ్ణి. మళ్లీ పదమూడే కొట్టేవాణ్ణి. ఆయన మాట వినకపోవడంలో నాకు కొంచెం తృప్తి కూడా ఉండేది, దాచడం ఎందుకు.

ఆ ఏడు అడవి హద్దులు కొత్తగా గీస్తున్నారు. మద్దిగూడేనికి వాగుకు ఇవతల కొన్ని చేలు, అవతల కొన్ని చేలు. మంచి మట్టి అవతలే. ఆ అవతలి చేలు కూడా అడవి హద్దులో కలపాలని అడవి ఖాతావాళ్లు, అంటే అటవీ శాఖవాళ్లు, అడిగారు. కచేరీ అంతా కదిలి మద్దిగూడెం వెళ్లి డేరా వేసింది. ఊరి పెద్ద సన్న, జోగకు మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. సన్నకు సంతలో ఉప్పూ పొగాకూ కొనుక్కునేంత తెలుగు తప్ప మరో భాష రాదు. ఆయన చెప్పింది జోగ మాకు చెప్పాడు.

"విత్తనాల పండుగ అయినంక ఊరంత కూసోని చెప్తం అంటుండు మా మామ. ఇప్పుడైతే ఏం చెప్పం అంటుండు."

బైజనాథ్ చెప్పగా నేను రాసుకున్నాను. కచేరీకి తిరిగొచ్చాక టైపు కొట్టాను. అడవి ఖాతా వాగవతలి చేలు అడుగుతోందని ఒక వాక్యం. ఇప్పపువ్వు ఏరుకోవడానికి అడ్డు రాకూడదని ఊరు కోరుతోందని ఇంకో వాక్యం. ఊరి జవాబు ఇంకా రాలేదు గనక దాని గురించి ఏమీ లేదు. తాసీల్దారు అడుగున దస్తఖతు చేసి, ముద్ర వేయించి, మరో దౌరా మీద వెళ్లిపోయాడు. కాగితం తీసుకెళ్లి ఊళ్లో చదివి వినిపించి, వేలిముద్రలు వేయించడమే మిగిలింది.

రెండోరోజు మధ్యాహ్నం బైజనాథ్ ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చాడు. అలా రావడం ఆయనకు అలవాటు లేదు, మమ్మల్నే పిలిపించుకునేవాడు.

"ఇందులో ఒక మాట తక్కువైంది."

"ఏం మాటండీ?"

"ఒప్పుకున్నారు అని."

"వాళ్లు ఒప్పుకోలేదు కదండీ. పండుగ అయ్యాక చెబుతామన్నారు."

"చెబుతారు. చెప్పాక మళ్లీ డేరా ఎత్తుకుని ఎవడు పోతాడు, నువ్వు పోతావా?" అని కాగితం నా ముందు పరిచాడు. అడవి ఖాతా అడుగుతోంది అన్న వాక్యానికి, ఇప్పపువ్వు వాక్యానికి నడుమ నేను వదిలిన ఖాళీ మీద గోరుతో గీశాడు. "ఇక్కడ పట్టేస్తుంది. ఎంత చక్కగా జాగా పెట్టావో చూడు."

 కొత్త కాగితం మీద కొట్టాలంటే తాసీల్దారు మళ్లీ దస్తఖతు చేయాలి కదా అన్నాను. అలా అంటే ఆగిపోతాడని ఆశ.

"అందుకే కదా ఈ కాగితం మీదే కొట్టమంటున్నాను. సమజ్ అవుతోందా? టైపు నేర్చినవాళ్లు జగదల్‌పూర్‌లో వీధికి ఇద్దరున్నారు రామనర్సయ్యా."

వాగవతలి చెట్లు నరికే గుత్త కోసం టేకు కలప గుత్తేదారు ఒకడు నెలనుంచీ బైజనాథ్ ఇంట్లోనే భోజనాలు చేస్తున్నాడు. అది నాకు తెలుసు, అందరికీ తెలుసు. నేను ఎదురు చెప్పి ఉండొచ్చు. మిషను చెడిందని అనొచ్చు, మిషను నిజంగా చెడిపోవడం వారానికోసారి జరిగేదే.  భయపడ్డాను. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

కాగితం మిషనులోకి ఎక్కించాను. ఒకసారి బయటికి తీసిన కాగితాన్ని మళ్లీ అదే వరసలో నిలబెట్టడం అందరికీ చేతకాదు. రోలరు వదులు చేసి, పాత అక్షరాల పాదాలు గీతకు ఆనేదాకా వెంట్రుకవాసి జరుపుకుంటూ పోవాలి. నేను జరిపాను. ఎంత బాగా జరిపానంటే కొత్త అక్షరాలకీ పాత అక్షరాలకీ ఎగుడుదిగుడు లేదు. ఇంగ్లీషులో రెండే మాటలు, చుక్కతో కలిపి పదకొండు. ముందు ఒక ఖాళీ, వెనక ఒక ఖాళీ. పదమూడూ నిండిపోయాయి.

బైజనాథ్ చూసి "వాహ్" అన్నాడు.

ఇంటికి వెళ్తూ నాకు నేను ఒక సంగతి చెప్పుకున్నాను. రామనర్సయ్య కాగితంలో ఏ వాక్యమూ ఇంత ఇరుకులో కూర్చోదు. చూసినవాడెవడైనా ఇది తరవాత దూర్చిందని ఇట్టే పట్టేస్తాడు. కాగితమే సాక్ష్యం చెబుతుంది, నేను నోరు విప్పే పనే లేదు. ఇలా అనుకునేసరికి మనసు తేలికపడింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నాలుగు రోజుల తరవాత మద్దిగూడెంలో సన్న వాకిట్లో బయాన్ చదివారు. బైజనాథ్ మంచం మీద, నేను ఆయన పక్కన నిలబడి, ఎదురుగా ఊరంతా నేల మీద. జోగ కాగితం పట్టుకుని మొదటి వాక్యం చదివాడు, రెండు వేళ్లు పెట్టాడు, తలెత్తి చెప్పాడు. రెండో వాక్యం, మళ్లీ వేళ్లు. అప్పుడు ఆ చోటు వచ్చింది. నా కళ్లు అతని వేళ్ల మీదే ఉన్నాయి. ఆగుతాడని, ఇదేంది పంతులూ అని నా వైపు తిరుగుతాడని ఎదురుచూశాను. ఆగితే నిజం చెప్పేస్తానని కూడా అనుకున్నాను. అతను ఆగలేదు. వేళ్లు ఆ ఇరుకును దాటుకుని పోయి, ఇప్పపువ్వు వాక్యం చివర ఉన్న ఖాళీలో ఆగాయి. పెదవులు కదుపుకుంటూ ఆ పొడుగాటి దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. చెమట తుడుచుకున్నాడు. తరవాత తలెత్తి ఏదో చెప్పాడు.

ఏం చెప్పాడో నాకు తెలియదు. పదకొండేళ్లలో నేను దోర్లి నేర్చుకోలేదు. జోగ ఉండగా నాకెందుకు అనుకున్నాను. చెప్పే ఉంటాడు, అందరూ విన్నారు కదా అని సరిపెట్టుకున్నాను. సన్న ముందుగా వచ్చి వేలు వేశాడు. తరవాత పధ్నాలుగు మంది వేశారు.

జ్యేష్ఠంలో వాగవతల హద్దురాళ్లు పాతారు. నాగలి కట్టుకుని వెళ్లినవాళ్లను అడవి గార్డులు వెనక్కి తరిమారు. సన్న ఇరవై మందిని వెంటబెట్టుకుని కచేరీకి వచ్చాడు. మేం ఒప్పుకోలేదు, ఒప్పుకున్నామని జోగ మాకు చదవలేదు, అని వాళ్ల మాట. కచేరీ మెట్ల మీదే జోగను పట్టుకుని సన్న ఏదో అడిగాడు. జోగ చేతులు ఊపుతూ జవాబు చెప్పాడు. సన్న అతని ముఖాన ఉమ్మి వెళ్లిపోయాడు. ఆ రోజునుంచి జోగను ఊళ్లోకి రానివ్వలేదు. భార్య బుధ్రి తండ్రి ఇంట్లోనే ఉండిపోయింది. జోగ మా కచేరీ వెనక గడ్డివాము పక్కన వండుకుని తిన్నాడు.

వానలు మొదలయ్యాక విచారణకు రాజధాని జగదల్‌పూర్ నుంచి ఒక అధికారి వచ్చాడు. కచేరీ వసారాలో కుర్చీ వేశారు. మెట్ల కింద వానలో సన్న, ఊరివాళ్లు. వాళ్ల మాటలు తర్జుమా చేయడానికి ఆ అధికారి తనవెంట వేరే దుబాసీని తెచ్చుకున్నాడు, జోగ ఇప్పుడు ముద్దాయి కదా.

"కాగితంలో ఉన్నదంతా చదివావా?" అని జోగను అడిగారు.

"ఉన్నదంత సదివిన దొరా. ఆ ముక్క లేదు."

"ఇదేమిటి మరి?" అని కాగితం ఎత్తి చూపారు. జోగ ముందుకు వంగాడు. అలవాటుగా రెండు వేళ్లూ కాగితం మీదికి పోయాయి. బైజనాథ్ ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు, సర్కారు కాగితం ముట్టుకోకని. జోగ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు గానీ కళ్లు తీసుకోలేదు. చాలాసేపు ఆ వరసనే చూశాడు. తరవాత నన్ను చూశాడు. నేను మిషను వైపు చూశాను.

అప్పుడు నన్ను పిలిచారు. "ఇది నువ్వు కొట్టిందేనా?"

"నేను కొట్టిందేనండి."

"మొత్తం?"

"మొత్తమండి."

రెండూ నిజాలే. మూడో ప్రశ్న కోసం ఎదురుచూశాను. ఒకే రోజున కొట్టావా అని అడిగితే చాలు, లేదని చెప్పాలని నాలుక చివర పెట్టుకుని ఉన్నాను. అధికారి కళ్లద్దాలు సర్దుకుని కాగితాన్ని ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. పెన్సిలుతో ఖాళీలను ఒక్కొక్కటే తడుముతూ వచ్చాడు. 

"ఇంత తెలుపు దేనికి?"

"దుబాసీ ఆగడానికండి."

ఆయన నవ్వాడు. పెన్సిలు ఆ ఇరుకు వాక్యం దగ్గరకు వచ్చింది. ముందున్న ఒక్క ఖాళీ మీద, వెనకున్న ఒక్క ఖాళీ మీద ఆగింది. కనిపెట్టాడు, దొరికిపోయాను, బతికిపోయాను అనుకున్నాను.

"ఇదిగో, ఈ వరస ఒక్కటీ పద్ధతిగా ఉంది," అన్నాడు ఆయన. "కాగితమంతా ఇలా కొట్టాలి."

"జీ హుజూర్, నేను మొదటినుంచీ చెబుతున్నాను," అన్నాడు బైజనాథ్.

"చిత్తం," అన్నాను నేను. ఆ చిత్తం అన్న నోటితోనే నిజం కూడా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

తీర్పు పొద్దువాలకుండానే అయింది. దుబాసీ చదివాడు, ఊరు ఒప్పుకుంది, ఇప్పుడు ఊరూ దుబాసీ కలిసి మాట మారుస్తున్నారు. చేలు అడవిలోకే పోతాయి, దుబాసీ కొలువు పోతుంది. కచేరీ లెక్కలో జోగ ఊరికి అమ్ముడుపోయినవాడు, ఊరి లెక్కలో కచేరీకి అమ్ముడుపోయినవాడు. రెండువైపులా అతన్ని మనిషిగా చూసేవాడు లేకుండా పోయాడు.

మర్నాడు పొద్దున్నే జోగ మా ఇంటికి వచ్చాడు. నేను పెరట్లో పళ్లు తోముకుంటున్నాను. దడి అవతలే నిలబడ్డాడు.

"పంతులూ, ఆ ముక్క ముంగట జాగ లేదు. ఎనుక గూడ లేదు."

"లేదు."

"ఇన్నేండ్లల్ల జాగ ఇడువకుంట నువ్వు ఒక్కసారి గూడ కొట్టలే."

"తరవాత కొట్టాను జోగా. బైజనాథ్ కొట్టమన్నాడు. ఉన్నచోటే అంత." నోరు కడుక్కుని ఇంకా చెప్పబోయాను. "చూసినవాళ్లకి తెలుస్తుందనుకున్నాను. నా కాగితంలో అంత ఇరుకు ఉండదు కదా, అది చూసి..."

"ఎవలకు తెలుస్తది?"

 అతని గొంతు పెరగలేదు. పెరిగితే నాకు బాగుండేది.

"జాగ ఉన్నకాడ ఆగుడు, లేనికాడ పోవుడు. గదే గద మన ఒప్పందం? జాగ లేదు, నేను పోయిన. జాగ ఉంటె ఆగుదును. ఆగితె అర్థమైతుండె. చెప్తె మా మామ ఏలు ఎయ్యకపోతుండె."

నేను చేసిన పని అప్పుడు మొత్తంగా తెలిసింది. నేను సాక్ష్యం అనుకున్న ఆ ఇరుకే ఊరి చెవి మూసింది. ఆ గుర్తు చదవగలిగినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు, వాడి ముఖానే మామ ఉమ్మాడు. దడి పట్టుకుని ఏడ్చాను. జోగ ఓపిగ్గా నిలబడ్డాడు.

"జగదల్‌పూర్‌కి రాస్తాను. జరిగిందంతా రాసి పంపుతాను."

"కాయితం వద్దు. ఊరికి వచ్చి నోటితోని చెప్పు. చేలు పోతె పోయినయ్, నన్ను ఊళ్లెకు రానియ్యాలె. బుధ్రి నా దిక్కు సూడాలె."

నాగేశ్వరమ్మ తలుపు వెనకనుంచి అంతా వింది. బయటికి వచ్చి నా చేతికి గొడుగిచ్చింది. "వెళ్లి చెప్పి రండి. కొలువు పోతే చర్ల పోదాం. ఈ సంగతి మోసుకుంటూ మీరు నా పక్కన కూర్చుని అన్నం తినొద్దు," అంది. జగదల్‌పూర్ కాగితం కూడా తరవాత రాశాను. టపాలో వేయలేదు. అదీ చెప్పాలి.

రెండు రోజులు ఇద్దరం నడిచాం.  ఏం చెప్పాలో నేను మనసులో వాక్యాలు పేర్చుకుంటూ నడిచాను. మద్దిగూడెం చేరేసరికి వాన తెరిపిచ్చింది. వాగు అవతల హద్దురాళ్ల చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగింది. సన్న మమ్మల్ని చూసి లోపలికి పోబోయాడు. నేను చేతులు జోడించి అక్కడే నిలబడితే, కచేరీ మనిషి వచ్చాడని ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. బుధ్రి సొరబుర్రలో నీళ్లు తెచ్చి నాకిచ్చింది. జోగకు ఇవ్వలేదు. అతను పక్కకు చూశాడు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఒక వాక్యం చెప్పి ఆగాను. జోగ కళ్లు మూసుకుని, తెరిచి, దోర్లిలో చెప్పాడు. ఇంకో వాక్యం చెప్పాను. జోగ చెప్పాడు. తాసీల్దారు దస్తఖతు, బైజనాథ్ గోటిగీత, మిషనులో రెండోసారి ఎక్కిన కాగితం, అన్నీ చెప్పాను. ఊరు కదలకుండా వింది. వింటున్నారు, నమ్ముతున్నారు అనుకుని నాకు ధైర్యం వచ్చింది.

"జోగది ఏ తప్పూ లేదు. అతను మిమ్మల్ని మోసం చేయలేదు," అన్నాను.

జోగ నోరు తెరిచి, మూసుకున్నాడు. నా ముఖంలోకి చూశాడు. అప్పుడు నాకు వెలిగింది. నా మాట వాళ్లకు చేరేది ఆ నోటిగుండానే. జోగ తప్పు చేయలేదని ఊరికి చెబుతున్నది జోగే. రెండు రోజులు కలిసి నడిచాం, అధికారి వెంట వేరే దుబాసీ ఉండటం కళ్లారా చూశాం, అయినా ఇద్దరిలో ఒక్కడికీ ఇది తట్టలేదు. ఇన్నేళ్లూ నేను అనడం, అతను చెప్పడం, అదే అలవాటు.

అతను చెప్పాడు. తల వంచుకుని, తన పేరు తానే పలుకుతూ చెప్పాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఇంకొందరు నవ్వారు. బుధ్రి నా చేతిలోంచి సొరబుర్ర తీసుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

నేను సన్న దగ్గరికి వెళ్లి రొమ్ము మీద కొట్టుకున్నాను. "తప్పు నాది. నాది, నాది," అన్నాను, సంతలో అనే తెలుగులో, గట్టిగా. ఉప్పు బేరం తెగనప్పుడు చూసినట్టు సన్న నన్ను చూశాడు. తరవాత నన్ను వదిలేసి జోగ వైపు తిరిగి, కోపం లేకుండా, నెమ్మదిగా రెండు మాటలన్నాడు. అందరూ లేచారు.

"ఏమన్నాడు?" అని అడిగాను.

జోగ అలవాటుగా కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"'బాగ సదివినవ్ అల్లుడా. ఆ పొద్దు గూడ గిట్లనే సదివినవ్' అంటుండు," అన్నాడు. ఆ మాట కూడా వదలకుండా చెప్పాడు.